41 నిమిషాల పాట, మా తాతవి 4 నిమిషాలు



మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, పోడు పట్టాలు, జీవో 3 మీద చర్చలు నడుస్తుంటాయి. నేనేమో ఇవాళ ఒక పాత ఇంగ్లీషు పాటల రికార్డు గురించి రాస్తున్నా. మనకేం సంబంధం అనిపిస్తుంది, నాకు తెలుసు. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి, పడతా. పోస్టు పెద్దది, ముందే చెప్తున్నా.

నేను బీఎస్సీ సెకండియర్, బీజడ్సీ గ్రూపు. హాస్టల్లో ఉంటా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మాది చర్ల మండలంలో లోపలికి ఉండే చిన్న కోయ గూడెం. బస్సు దిగాక ఇంకా నడవాలి.

పోయిన చలికాలంలో ఒక రాత్రి మా రూమ్‌మేట్ ఫోన్‌లో రీల్స్ చూస్తున్నాడు. ఎవరో బైకు మీద ఘాట్ రోడ్డు ఎక్కుతున్న రీలు. దాని వెనకాల పిల్లనగ్రోవి మోగింది. నేను దుప్పట్లోంచి లేచి కూర్చున్నా. ఆ ఊదుడు అచ్చం మా తాత ఊదినట్టే ఉంది. గాలి కొంచెం బయటికి పోతూ, ఒకే వరసని తిప్పి తిప్పి ఊదడం. "ఏ ఊరోళ్ళదిరా ఇది?" అనడిగితే వాడు నవ్వాడు. "ఊరోళ్ళేందిరా, ఇంగ్లీషు పాట" అన్నాడు.

పేరు వెతికితే 'గోయింగ్ అప్ ది కంట్రీ'. పాడింది క్యాన్డ్ హీట్ అనే అమెరికా బ్యాండు. 1969లో వుడ్‌స్టాక్ అని పెద్ద సంగీతం జాతర జరిగింది, దాని మీద తీసిన సినిమాలో ఈ పాట ఉంటుంది. అందుకే ఇప్పటికీ జనానికి గుర్తు. నిడివి మూడు నిమిషాల లోపే. అమెరికా బిల్‌బోర్డ్ లిస్టులో 11వ స్థానం దాకా వెళ్ళింది. ఆ పాట వచ్చిన ఆల్బమ్ పేరు మాత్రం ఎక్కువమందికి తెలియదు. పాట రీల్స్‌లో తిరుగుతుంది, ఆల్బమ్ మూలకి పడి ఉంది. దాని పేరు 'లివింగ్ ది బ్లూస్'. 1968లో వచ్చింది. రెండు ఎల్పీ రికార్డులు కలిపి ఒకే అట్టలో పెట్టి అమ్మారు. ఆ రాత్రి నుంచి సెమిస్టర్ పరీక్షల దాకా నేను విన్నది ఇదే.

ముందు బ్యాండు గురించి కొంచెం చెప్పాలి. 1965లో లాస్ ఏంజిలిస్‌లో మొదలైంది. మొదలుపెట్టిన వాళ్ళు ఇద్దరు. ఒకరు బాబ్ హైట్, భారీ మనిషి, అందరూ 'ఎలుగుబంటి' అని పిలిచేవాళ్ళు. పాత 78 ఆర్పీఎం రికార్డులు వేలల్లో పోగేశాడు. రెండో మనిషి అలన్ విల్సన్. చూపు బాగా తక్కువ, దళసరి కళ్ళద్దాలు. అతన్ని 'గుడ్డి గుడ్లగూబ' అనేవాళ్ళు. గిటార్ హెన్రీ వెస్టైన్, బేస్ లారీ టేలర్, డ్రమ్స్ మెక్సికో నుంచి వచ్చిన ఫిటో డి లా పారా. క్యాన్డ్ హీట్ అంటే వంటకి వాడే డబ్బా ఇంధనం. అందులో ఆల్కహాల్ ఉంటుంది. అమెరికాలో మద్యం నిషేధం ఉన్న రోజుల్లో పేదోళ్ళు దాన్ని వడగట్టి తాగేవాళ్ళు. టామీ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు 1928లో దాని మీద పాటే పాడాడు. బ్యాండు పేరు అక్కణ్ణుంచి వచ్చింది. గుడుంబా తాగి పోయినోళ్ళని చూసిన మనకి ఆ పేరులో ఏముందో విడమరిచి చెప్పక్కర్లేదు.

బ్యాండులో వాళ్ళు ఎక్కువమంది తెల్లవాళ్ళు. వాళ్ళు పాడింది నల్లవాళ్ళ బ్లూస్. పత్తి చేలల్లో, రైలు పట్టాల పక్కన, జైళ్ళలో పనిచేసిన మనుషుల పాట. నాకు మొదట గుచ్చుకుంది ఇక్కడే.

ఆ పిల్లనగ్రోవి ఎక్కడిదో వెతుక్కుంటూ వెళ్ళా. పాటలో ఊదింది జిమ్ హార్న్ అనే స్టూడియో కళాకారుడు. కానీ ఆ వరస ఆయనది కాదు, విల్సన్‌ది కాదు. హెన్రీ థామస్ అనే టెక్సాస్ నల్లజాతి మనిషిది. 1874లో పుట్టాడు. అమ్మానాన్నలు ఒకప్పుడు బానిసలు. రైళ్ళ మీద పడి ఊరూరూ తిరిగి పాడుకున్నాడు. 1927 నుంచి 1929 లోపు వొకేలియన్ అనే కంపెనీకి ఇరవై పైచిలుకు పాటలు పాడాడు. తర్వాత ఆయన జాడ దాదాపు లేదు. ఆయన వాయించినవాటిలో 'క్విల్స్' అని ఒకటి ఉంది. రెల్లు గొట్టాల్ని పొడుగూ పొట్టిగా కోసి, పక్కపక్కన కట్టి, మెడకి తగిలించుకుని ఊదేది. గిటార్ వాయిస్తూనే ఊదేవాడు. 1928లో పాడిన 'బుల్ డోజ్ బ్లూస్' విన్నా. అదే వరస. నలభై ఏళ్ళ తర్వాత విల్సన్ మాటలు మార్చి పాడాడంతే. కానీ రికార్డు మీద రచయితగా విల్సన్ పేరే ఉంది. హెన్రీ థామస్ పేరు లేదు.

ఇది తెలిసి నాకు కోపమొచ్చింది. మన పాట ఎవరో సినిమాలో పెట్టుకుని, కింద 'జానపదం' అని వేసి వదిలేస్తే మన గ్రూపులో ఎంత గొడవ అవుతుందో గుర్తుంది కదా. జానపదం అంటే ఎవరిదీ కాదని వాళ్ళ లెక్క. నల్లవాళ్ళకి కూడా అదే లెక్క నడిచింది. పైగా ఆ రాసుకున్నవాళ్ళకి కూడా అది నిలబడలేదు. 1967లో డెన్వర్ ఊర్లో బ్యాండు మీద డ్రగ్స్ కేసు పడితే, లాయర్ల ఖర్చుకి పాటల ప్రచురణ హక్కులు తమ కంపెనీకే 10,000 డాలర్లకి రాసిచ్చారు. థామస్ దగ్గర ఊరికే వచ్చిన వరస, విల్సన్ పేరు మీదికి వచ్చి, కంపెనీ లాకర్లోకి పోయింది. మనకి ఇప్పపువ్వు కథ తెలుసు కదా. ఏరేది ఒకరు, మోసేది ఒకరు, రేటు కట్టేది ఇంకొకరు.

అక్కడితో ఆపేద్దామనుకున్నా. కానీ ఆల్బమ్ మొత్తం వినకుండా తిట్టడం కరెక్టు కాదనిపించి మొదటి నుంచి పెట్టా.

మొదటి పాట 'పోనీ బ్లూస్'. ఇది చార్లీ ప్యాటన్ 1929లో పాడిన పాట. మిసిసిపీ డెల్టా బ్లూస్‌కి ఆయన్నే పెద్ద దిక్కుగా చెప్తారు. ఆయన వంశంలో అక్కడి ఆదివాసీ రక్తం కూడా ఉందంటారు. 2017లో వచ్చిన 'రంబుల్' అనే డాక్యుమెంటరీ మొత్తం ఇదే సంగతి. అమెరికా పాటల వెనక ఉన్న ఆదివాసీ కళాకారుల గురించి. వీలైతే చూడండి, అది మనోళ్ళందరూ చూడాల్సింది. తర్వాత మాటల పాటలు కొన్ని. 'సాండీస్ బ్లూస్', 'వాకింగ్ బై మైసెల్ఫ్', 'బూగీ మ్యూజిక్'. బాబ్ హైట్ గొంతు గరగరా, విల్సన్ గొంతు సన్నగా, ఆడా మగా తెలియనట్టు ఉంటుంది. బ్లూస్ అంటే లావు గొంతే అనుకున్న నాకు ఆ సన్న గొంతే ఎక్కువ బాధగా వినిపించింది.

రెండో సైడులో 'పార్థెనోజెనెసిస్' అని ఒకటుంది. పేరు చూడగానే నవ్వొచ్చింది, ఎందుకంటే అది మా జువాలజీ పుస్తకంలో ఉంది. అనిషేక జననం. ఫలదీకరణ లేకుండానే గుడ్డులోంచి పిల్ల పుట్టడం. తేనెటీగల్లో పోతుటీగలు అట్లే పుడతాయి. వాటికి అమ్మ ఉంటుంది, నాయన ఉండడు. తేనె తీసే ఇళ్ళలో పుట్టి, ఆ ముక్క పుస్తకంలో చదివాకే తెలుసుకున్నాం మనం. పాట పేరుగా ఎందుకు పెట్టారో వినగా వినగా నాకు తోచింది ఇది. దాదాపు ఇరవై నిమిషాలు, తొమ్మిది ముక్కలు, ఒక్కో ముక్క బ్యాండులో ఒక్కో మనిషి చేతిలోంచి వస్తుంది. ఒకచోట డ్రమ్స్, ఒకచోట గిటార్ల మీద గిటార్లు, ఒకచోట పళ్ళ మధ్య పెట్టి వేలితో మీటే మోర్సింగు. తెలిసినవాళ్ళు కూడా ఈ సైడుని దాటేసి పోతారు. అతుకుల బొంత అంటారు. నిజమే, అతుకులు కనిపిస్తాయి.

ఆ తొమ్మిదిలో ఒకదాని పేరు 'రాగా కాఫీ'. తాగే కాఫీ అనుకున్నా, ఒట్టు. తర్వాత తెలిసింది, మన హిందుస్తానీ సంగీతంలో కాఫీ రాగం. విల్సన్ దాన్ని మౌత్ ఆర్గాన్ మీద వాయించాడు, ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా రికార్డు చేసి. ఈ మనిషికి భారతీయ సంగీతం పిచ్చి. జాన్ ఫేహీ అనే గిటారిస్టు రికార్డులో ఒకదాంట్లో వీణ కూడా వాయించాడు. కాఫీ రాగం నాకు తెలియదు, మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. మన దేశం సంగీతమని అమెరికా వాడు నేర్చుకున్నది మన గూడేల దాకా రాలేదు. మన పాట బయటికి పోలేదు, వాళ్ళ రాగం లోపలికి రాలేదు. అది వింటూ నేను ఆలోచించింది ఇదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. విల్సన్ ఎవరని వెతుకుతుంటే దొరికింది ఇది. ఈ పోస్టు రాయడానికి కారణం కూడా ఇదే.

సన్ హౌస్ అని ఒక బ్లూస్ గాయకుడు. 1930లో కొన్ని రికార్డులు పాడాడు. అవి అమ్ముడుపోలేదు. 1941, 42లో ప్రభుత్వ లైబ్రరీ తరఫున అలన్ లోమాక్స్ మిసిసిపీకి వెళ్ళి ఆయన పాటలు మళ్ళీ రికార్డు చేశాడు. తర్వాత సన్ హౌస్ ఉత్తరాదికి పోయి రైల్వేలో పని చేసుకున్నాడు. పాట వదిలేశాడు. 1964లో ముగ్గురు కుర్రాళ్ళు వెతుక్కుంటూ పోతే రోచెస్టర్ ఊర్లో దొరికాడు. అరవై దాటిన మనిషి. ఇంట్లో గిటార్ లేదు. ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. తన పాటలే తనకి గుర్తులేవు.

అప్పుడు విల్సన్‌ని ఆయన ముందు కూర్చోబెట్టారు. విల్సన్‌కి అప్పటికి ఇరవై, ఇరవై ఒకటి. నా వయసు. వాడు ఆ పాత రికార్డులన్నీ విని విని, ఏ పాటలో ఏ వేలు ఎక్కడ పడుతుందో నేర్చుకుని ఉన్నాడు. ముసలాయన ముందు కూర్చుని, 1930లో మీరు దీన్ని ఇట్ల వాయించారు, 1942లో ఇట్ల మార్చారు అని ఒక్కొక్కటే వాయించి చూపించాడు. ఆయన పాట ఆయనకే నేర్పాడు. కొన్నాళ్ళకి సన్ హౌస్ చేతులకి గుర్తొచ్చింది. 1965లో కొలంబియా కంపెనీకి మళ్ళీ ఆల్బమ్ చేశాడు. అందులో రెండు పాటల్లో విల్సన్ పక్కన వాయించాడు.

ఇది చదివింది హాస్టల్ మెట్ల మీద కూర్చుని. రాత్రి పన్నెండు అయ్యుంటుంది, రూములో సిగ్నల్ రాదు. చదివాక పైకి వెళ్ళలేకపోయా.

ఎందుకంటే, నేను చేసింది సరిగ్గా దీనికి ఉల్టా.

మా తాత పాడేవాడు. డోలి కులం కాదు మేము, కుల చరిత్ర పాడే అధికారం మాకు లేదు. అది వాళ్ళది. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య తాతకి 2022లో పద్మశ్రీ వచ్చింది చూడండి, ఆ విద్య అది. మా తాతది పెళ్ళిళ్ళ పాట, పండగ పాట, చేను కాపలా పాట. వెదురు పిల్లనగ్రోవి తనే కోసుకుని, ఇనుప చువ్వ కాల్చి బొక్కలు పెట్టుకునేవాడు. లాక్‌డౌన్‌లో హాస్టల్ మూసేసి ఇంటికి పంపితే ఏం తోచక ఒకరోజు తాతని చింతచెట్టు కింద కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేశా. నలభై నిమిషాలదాకా ఉంటుంది. మధ్యలో కోళ్ళు, మా అవ్వ తిట్లు, అన్నీ ఉన్నాయి.

ఇంటర్ సెకండియర్‌లో ఎంసెట్ మెటీరియల్ పీడీఎఫ్‌లు, క్లాసుల వీడియోలు దింపుకోవాలంటే ఫోన్ నిండిపోయిందని చూపించింది. ఏది పెద్దగా ఉందో చూసి డిలీట్ కొట్టా. మొదటిది అదే. అప్పుడు కొంచెం కూడా ఆలోచించలేదు. తాత ఉన్నాడుగా, మళ్ళీ తీసుకోవచ్చులే అనుకున్నా. నిజం చెప్పాలంటే ఇంకోటి కూడా ఉంది. ఒకసారి కాలేజీలో ఆ వీడియో చూసి ఒకడు "ఏం భాషరా అది, బూతులా ఉంది" అని నవ్వాడు. నేనూ నవ్వా. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గొంతులో ఉంది.

2023లో తాతకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి లేవదు, నోరు ఒక పక్కకి పోయింది. పిల్లనగ్రోవి ఇంక లేదు. పాట అడిగితే మొదటి రెండు ముక్కలు అని, తర్వాత మూలుగుతూ రాగం తీస్తాడు. మాట రాదు.

సన్ హౌస్ దగ్గరికి వెళ్ళిన విల్సన్ దగ్గర రికార్డులు ఉన్నాయి. నా దగ్గర ఏముంది? ఎంసెట్ పీడీఎఫ్‌లు. ఆ ర్యాంకు కూడా రాలేదు.

ఆ రాత్రి ఫోన్ మొత్తం వెతికా. పాత మెమరీ కార్డు, జీమెయిల్, అన్నీ. చివరికి భద్రాచలంలో ఉండే మా పెద్దనాయన కూతురు, అక్కకి అప్పట్లో వాట్సాప్‌లో ఏదో పంపినట్టు గుర్తొచ్చింది. ఫోన్ చేసి అడిగితే రెండు రోజులకి వెతికి పంపింది. నాలుగు నిమిషాలు. వాట్సాప్‌లో అప్పట్లో పెద్ద వీడియో పోయేది కాదు, అందుకే కోసి పంపి ఉంటా. బొమ్మ మసక మసకగా ఉంది, గొంతు మాత్రం ఉంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళి తాత మంచం పక్కన పెట్టి వినిపించా. ఏడుస్తాడేమో అనుకున్నా. సినిమాల్లో అట్లే కదా. తాత చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నాడు. ఎవరు పాడుతున్నదని అడిగాడు. నువ్వే తాతా అంటే నమ్మలేదు. మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి మధ్యలో చెయ్యెత్తి ఆపమన్నాడు. కోయలో అన్నాడు, మాట ముద్దగా వచ్చినా అర్థమైంది: "వీడు ఇక్కడ తప్పు పాడాడు పిలగా. పెళ్ళికూతురి వైపోళ్ళు పాడేది ముందు రావాలి."

అని, ఆ ముక్క పాడాడు. నోటి పక్కనుంచి గాలి పోతూనే పాడాడు. అది వీడియోలో లేదు. తర్వాత ఇంకో ముక్క. మా అవ్వ వంట దగ్గర్నుంచి అందుకుంది. నేను ఆమెని పాట మనిషిగా ఎప్పుడూ లెక్క పెట్టలేదు, కెమెరా ఎప్పుడూ తాత వైపే పెట్టా. సగం పాట ఆమె దగ్గరుంది. అప్పుడు ఫోన్ తీయలేదు. లాంగ్ నోట్‌బుక్ తీసి తెలుగు అక్షరాల్లో కోయ మాటలు రాసుకున్నా. ఆరేడు మాటలు నాకు అర్థం కాలేదు. అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఒకటి పాత రోజుల్లో వేసే ఒక రకం గడ్డ పేరట. ఇప్పుడది మా చేన్లలో లేదు.

మర్నాడు ఆశ పెరిగి, చావుకి పాడే పాట ఒకటి ఉంటుంది కదా, అది పాడు తాతా అన్నా. పాడనన్నాడు. "ఇంట్లో ఊరికే పాడితే పెద్దోళ్ళు లేచొస్తారు. ఎవరూ పోకుండా అది పాడకూడదు." నేను పట్టుబట్టలేదు. ఈ మాట మీక్కూడా చెప్పాలని రాస్తున్నా. దాచుకోవాలన్న ఆత్రంలో ప్రతిదీ రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేయడం కూడా తప్పే. కొన్ని పాటలకి చోటు ఉంది, వేళ ఉంది. పాడేవాళ్ళు వద్దంటే వద్దు. పాటని మిసిసిపీ నుంచి పట్టుకుపోయినవాళ్ళంతా ఆ మాట అడిగారో లేదో గాని, మనం మన ఇంట్లో అడగొచ్చు.

ఇంక 41 నిమిషాల సంగతి.

'లివింగ్ ది బ్లూస్'లో రెండో రికార్డు మొత్తం ఒకటే పాట. 'రీఫ్రైడ్ బూగీ'. హాలీవుడ్‌లో కెలైడోస్కోప్ అనే హాల్లో జనం ముందు వాయించింది. ఎల్పీ ఒక సైడు ఇరవై నిమిషాల చుట్టూ పడుతుంది కాబట్టి రెండు సైడులుగా కోశారు. మొత్తం దాదాపు 41 నిమిషాలు. అంతకుముందు ఆల్బమ్‌లో 'ఫ్రైడ్ హాకీ బూగీ' అని ఒకటి చేశారు, దాన్నే మళ్ళీ వేయించారన్నమాట. మన చద్దన్నానికి తాలింపు పెట్టినట్టు. పాట అంతా ఒకే దరువు, ఒకే స్వరం చుట్టూ తిరుగుతుంది. ఒక్కొక్కళ్ళు వంతులవారీగా ముందుకొచ్చి వాయిస్తారు, మిగతావాళ్ళు దరువు వదలరు. ఈ ఆల్బమ్‌ని జనం పక్కన పెట్టడానికి పెద్ద కారణం ఇదే. బోర్ అంటారు. నేనూ మొదటిసారి పది నిమిషాలకి కట్టేశా.

పోయిన వేసవిలో మా ఊర్లో భూమి పండగ. రాత్రి అన్నం తిన్నాక డోలు మొదలైంది. ఆడవాళ్ళు చేతులు అల్లుకుని రేల అందుకున్నారు. ఒకటే అడుగు, ఒకటే దరువు. పక్కన నిలబడి చూస్తే పావుగంటకి విసుగొస్తుంది. లోపలికి దూరితే టైము తెలియదు. నేను దూరా, హాస్టల్‌కి వచ్చిన తర్వాత మొదటిసారి. తెల్లారుజామున కోడి కూసేదాకా దరువు మారలేదు. అప్పుడు అర్థమైంది, ఆ 41 నిమిషాలు కూర్చుని వినేవాళ్ళ కోసం కాదు, కాళ్ళ కోసం. నేను దాన్ని మంచం మీద పడుకుని ఇయర్‌ఫోన్స్‌లో విన్నా. పండగని కిటికీలోంచి చూసినట్టు.

ఇంకోటి కూడా తట్టింది. హెన్రీ థామస్ పాటలు మూడు నిమిషాలే ఎందుకున్నాయి? అప్పటి 78 రికార్డులో ఒక పక్క అంతే పట్టేది. ఆయన రైలు స్టేషన్ల దగ్గర, నాట్యాల దగ్గర ఎంతసేపు పాడేవాడో, కంపెనీ గదిలో మూడు నిమిషాలకి కోసుకున్నాడు. మనకి మిగిలింది ఆ కోత. ఎల్పీ వచ్చాక ఇరవై నిమిషాలు. నా ఫోన్‌లో నలభై ఉంటే వాట్సాప్ దాన్ని నాలుగు చేసింది. ప్రతిసారీ మిషను ఎంత పట్టుకుంటే పాట అంతే అనుకున్నారు, అనుకున్నాం. మా తాత పాట నాలుగు నిమిషాలది కాదు. మా తాత పాట ఎంతో నాకు తెలియదు, తెల్లారేదాకా ఉండేది.

విల్సన్ ఎక్కువ రోజులు బతకలేదు. ఆ మనిషికి జనం మధ్య ఊపిరాడేది కాదు, చెట్ల కింద నిద్రపట్టేది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్లంటే ప్రాణం, ఆకులు, బెరడు ఏరి దాచుకునేవాడు. ఆ అడవుల్ని కాపాడటానికి ఒక సంస్థ కూడా మొదలుపెట్టాడు. మనసు బాగోని మనిషి. 1970 సెప్టెంబర్ 3న బాబ్ హైట్ ఇంటి వెనక కొండ మీద, ఆరుబయట పడుకున్నచోటే చనిపోయి ఉన్నాడు. మందు మాత్రలు ఎక్కువయ్యాయి. 27 ఏళ్ళు. సన్ హౌస్ 1988 దాకా ఉన్నాడు. నేర్పిన కుర్రాడు ముందు పోయాడు, నేర్చుకున్న ముసలాయన ఇంకో పద్దెనిమిదేళ్ళు ఉన్నాడు. తమ్ముళ్ళూ, హాస్టల్లో మనలో కూడా జనంలో ఊపిరాడనివాళ్ళు ఉన్నారు. ఎవడైనా వారం రోజులుగా మెస్‌కి రాకపోతే వెళ్ళి తలుపు కొట్టండి. అంతకన్నా ఎక్కువ చెప్పను.

విల్సన్ మంచోడా చెడ్డోడా అని మా రూమ్‌మేట్ అడిగాడు. థామస్ వరస తీసుకుని తన పేరు పెట్టుకున్నదీ అతనే, సన్ హౌస్ పాట సన్ హౌస్‌కి తిరిగిచ్చిందీ అతనే. నాకు రెండూ కనిపిస్తున్నాయి, ఒకటి చెప్పి ఒకటి దాచలేను. నేను కూడా తాత పాటని డిలీట్ కొట్టినవాణ్ణే, నోట్‌బుక్‌లో రాసుకున్నవాణ్ణే.

చివరిగా అడిగేది. సెలవులకి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు, ఇంట్లో పాడేవాళ్ళు ఉంటే ముందు అడగండి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. మొదటి మాటగా పాడేవాళ్ళ పేరు, ఊరు, తేదీ వాళ్ళ గొంతుతోనే చెప్పించండి. ఎవరి పాటో రేపు ఎవరూ మార్చకుండా. ముసలమ్మల వైపు కూడా ఫోన్ తిప్పండి. వాట్సాప్‌లో కోసి పంపొద్దు. ఒకటి ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, రెండు చోట్ల పెట్టండి. ఫోన్ నిండితే సినిమాలు తీసేయండి.

ఆల్బమ్ వినాలనుకునేవాళ్ళు 'పోనీ బ్లూస్'తో మొదలుపెట్టండి. 'గోయింగ్ అప్ ది కంట్రీ' విన్న వెంటనే హెన్రీ థామస్ 'బుల్ డోజ్ బ్లూస్' వినండి, ఆ క్రమం ముఖ్యం. 'రీఫ్రైడ్ బూగీ' మాత్రం పడుకుని వినొద్దు.

దసరాకి మళ్ళీ ఇంటికి పోతున్నా. నోట్‌బుక్‌లో ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి. తాతకి ఫోన్‌లో చెప్పా, వస్తున్నా, మిగతాది పాడాలి అని. అవ్వ ఫోన్ లాక్కుని అంది, "ఆయనకి గుర్తుండదు, నన్నడుగు."